నాన్నగారికి చెవి మిషను: ఇక్కడ కొనాలా, ఊళ్లో కొనాలా?

వేసవి దగ్గరపడితే చాలు, కొత్తగా అమెరికా వచ్చిన మన పిల్లల దగ్గర్నుంచి ఇదే ప్రశ్న. "బాబాయ్, అమ్మా నాన్నగారూ మే నెలలో వస్తున్నారు. నాన్నగారికి వినికిడి బాగా తగ్గింది. ఇక్కడ మంచి మిషను కొనిపెట్టి పంపేద్దామనుకుంటున్నాను. ఏ కంపెనీది తీసుకోమంటారు?" అడిగేవాళ్లలో ఎక్కువమంది మావైపు వాళ్లే: ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం.

కంపెనీ సంగతి తర్వాత చూద్దాం. నాన్నగారి ఇంటి నుంచి ఆడియాలజిస్టు (వినికిడి పరీక్షించి మిషను సర్దే నిపుణుడు) ఎంత దూరంలో ఉన్నాడో ముందు కనుక్కోండి.

ఎందుకంటే ఇది కళ్లజోడులాగా ఒకసారి తీసుకుని పెట్టేసుకునేది కాదు. మొదటి రెండు మూడు నెలల్లో కనీసం మూడు నాలుగుసార్లు కంప్యూటరుకు తగిలించి సర్దించాలి. "నా గొంతు నాకే డబ్బాలోంచి వస్తున్నట్టుంది" అంటారు. "గిన్నెల చప్పుడు భరించలేకపోతున్నాను" అంటారు. అవన్నీ సరిచేయగలిగినవే, కానీ సరిచేసే మనిషి ఉండాలి. ఇక్కడ కొని, మూడు వారాలకే పెద్దవాళ్లను విమానం ఎక్కించేస్తే ఆ మిషను బీరువాలోకి పోతుంది. పైగా కొన్ని దుకాణాలు తాము అమ్మే మోడళ్లను బయటి ఆడియాలజిస్టులెవరూ సర్దకుండా సాఫ్ట్‌వేర్‌లో తాళం వేసి ఇస్తాయి. వారంటీ కూడా చాలావాటికి కొన్న దేశంలోనే చెల్లుతుంది. కొనేముందు ఈ రెండూ అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోండి.

మావాళ్లకు దారులు లేకపోలేదు. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది. పర్లాకిమిడి, గుణుపురం వాళ్లు రైలెక్కితే విశాఖపట్నంలో దిగుతారు. రాయగడ నుంచీ విశాఖకు రైళ్లున్నాయి. నన్నడిగితే, ఏటా వచ్చి ఆరేసి నెలలు ఉండేవాళ్లకు ఇక్కడ కొనొచ్చు. ఒక్కసారి వచ్చి వెళ్లేవాళ్లకు అక్కడే కొనాలి. మన దేశంలో చెవి మిషన్లకు జీఎస్టీ కూడా లేదు.

ఎక్కడ కొన్నా, బయల్దేరకముందే ఊళ్లో ఈఎన్‌టీ డాక్టరుకు చూపించమనండి. సగం చెవుడు గుబిలి తీయిస్తేనే పోయిన వాళ్లున్నారు. నాన్నగారు వాడే మందుల చిట్టా కూడా తీసుకెళ్లమనండి, కొన్ని మందులు చెవిని దెబ్బతీస్తాయి. మా పర్లాకిమిడిలో ఉండి సవర భాష నేర్చుకున్న గిడుగు రామమూర్తి పంతులుగారికి మన్యం జ్వరాలకు వాడిన క్వినైన్ వల్లే చెవుడు వచ్చిందని మావైపు అందరూ చెప్పుకునే మాటే. ఒక్క చెవే, అదీ ఉన్నట్టుండి వినబడకుండా పోతే మాత్రం మిషను మాట పక్కనపెట్టి ఆరోజే డాక్టరు దగ్గరకు పరిగెత్తాలి. మొదటి రెండు మూడు రోజుల్లో వైద్యం మొదలుపెడితే వినికిడి తిరిగొచ్చే అవకాశం ఉంటుంది.

తర్వాత ఆడియోగ్రాం, అంటే ఏ చెవికి ఎంత వినబడుతోందో చూపే పరీక్ష కాగితం. అది ఊళ్లోనే తీయించమనడానికి ఇంకో కారణం ఉంది. బీప్ శబ్దాలు వినిపించే పరీక్ష ఎక్కడ చేసినా ఒకటే. మాటలు వినిపించి తిరిగి చెప్పమనే పరీక్ష అలా కాదు. ఇక్కడ ఇంగ్లీషు మాటలు వినిపిస్తారు. జీవితమంతా తెలుగూ ఒడియా మాట్లాడిన మనిషి అందులో తప్పితే లోపం చెవిదో భాషదో ఎవరికి తెలుస్తుంది?

ఆ కాగితం మీద డెసిబెల్స్‌లో ఒక అంకె ఉంటుంది. సుమారుగా 26 నుంచి 40 దాకా స్వల్పం, 41 నుంచి 55 మధ్యస్థం, 56 నుంచి 70 అంతకు మించింది, 71 దాటితే తీవ్రం. అమెరికాలో 2022 అక్టోబరు నుంచి డాక్టరు చీటీ లేకుండా అమ్ముతున్న మిషన్లు మొదటి రెండింటికే, అదీ 18 ఏళ్లు దాటిన వాళ్లకే. యాపిల్ ఇయర్‌ఫోన్లు ఎయిర్‌పాడ్స్ ప్రో 2 కి 2024 సెప్టెంబరులో అనుమతి వచ్చిన వినికిడి సదుపాయమూ అంతే. పైగా దాని చార్జింగు ఐదారు గంటలే, ఐఫోనో ఐప్యాడో చేతిలో ఉండాలి. రోజంతా పెట్టుకోవాల్సిన పెద్దాయనకు అది సరిపోదు. ఆడియోగ్రాం 60 చూపిస్తుంటే అలాంటివాటి మీద డబ్బు తగలెయ్యకండి.

ఇక్కడే కొనేటట్టయితే కాస్ట్‌కో దుకాణంలో జత 1,500 డాలర్ల చుట్టుపక్కల వస్తుంది. నచ్చకపోతే 180 రోజుల్లోపు వెనక్కిచ్చేయొచ్చు. ఆర్నెల్ల వీసా మీద వచ్చిన వాళ్లకు ఆ గడువు కలిసొస్తుంది. విజిటర్ ఇన్సూరెన్సు మీద మాత్రం ఆశ పెట్టుకోకండి.

కొనేచోట ఎక్కువగా వినబడేది "ఇన్ని చానెళ్లు, అన్ని చానెళ్లు" అనే ఊదర. చానెళ్లంటే మిషను శబ్దాన్ని విడగొట్టి సర్దే భాగాలు. వాటి సంఖ్య చూసి రేటు పెంచుకుంటూ పోకండి. ఆ డబ్బుతో రెండో చెవికి కూడా మామూలు రకం మిషను తీసుకోవడం నా దృష్టిలో మేలు. లోపం రెండు చెవుల్లోనూ ఉంటే ఒక్కదానికే పెట్టినప్పుడు మాట ఎటునుంచి వస్తోందో పోల్చుకోవడం కష్టం. చెవిలో సన్నటి గొట్టం పెట్టి, లోపలికి నిజంగా ఎంత శబ్దం చేరుతోందో కొలుస్తారా అని అడగండి. ఆ కొలత తీసే ఆడియాలజిస్టు దొరికితే వదలకండి.

ఇక రకం. చెవి లోపలికి పూర్తిగా దూరిపోయే చిన్నవి చూడ్డానికి బాగుంటాయి, కానీ గుబిలికీ చెమటకీ త్వరగా పాడవుతాయి. బరంపురం ఉక్కపోతలో మరీనూ. చెవి వెనక పెట్టేదే మన పెద్దవాళ్లకు అనువు. రాత్రిపూట సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టమనండి.

బ్యాటరీ దగ్గర నాన్నగారి వేళ్లు చూసి నిర్ణయించండి. గోధుమరంగు స్టిక్కరున్న 312 సైజు బ్యాటరీ కందిగింజంత ఉంటుంది. చేయి వణికేవాళ్లు దాన్ని మిషను బ్యాటరీ తలుపులో పెట్టబోతే మంచం కిందకి దొర్లిపోతుంది. నారింజరంగు స్టిక్కరున్న 13 సైజుది కాస్త పెద్దది, ఎక్కువ రోజులు వస్తుంది. స్టిక్కరు పీకిన వెంటనే మూత వేసెయ్యకూడదు, గాలి తగలడానికి కొన్ని నిమిషాలు బయట ఉంచాలి. ఒకసారి పీకాక మళ్లీ అతికించినా లాభం లేదు. ఈ బాధంతా వద్దనుకుంటే చార్జింగువి ఉన్నాయి, రాత్రి పెట్టెలో పడేస్తే చాలు. మావైపు కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు గనక, సొంత బ్యాటరీ ఉన్న చార్జింగు పెట్టె దొరుకుతుందేమో చూడండి.

ట్రయల్ ఇచ్చినప్పుడు నిశ్శబ్దంగా ఉండే క్లినిక్కులో విని బాగుందనుకోకండి. ఇంట్లో ఫ్యాను ఐదులో పెట్టి, టీవీలో వార్తలు నడుస్తుండగా అమ్మను వంటింట్లోంచి మాట్లాడమనండి. వాట్సాప్ కాల్ చేసి చూడండి, ఆయన ఫోనుతో బ్లూటూత్ కలుస్తుందో లేదో అప్పుడే తేలుతుంది. కోరాపుట్, రాయగడ చలికి మంకీక్యాప్ పెట్టుకునే అలవాటుంటే అదీ పెట్టించండి. కొన్ని మిషన్లు టోపీ కప్పగానే కూత పెడతాయి. చెవి అచ్చు తీయించి మోల్డు చేయిస్తే చాలావరకు తగ్గుతుంది.

ఊళ్లో బంధువుల్లో కొనలేనివాళ్లుంటే రాష్ట్రీయ వయోశ్రీ యోజన గురించి చెప్పండి. 60 దాటిన పేదవాళ్లకు అందులో మిషను ఉచితంగా ఇస్తారు. శిబిరాలు జిల్లాల్లో పెడతారు, కలెక్టరేటులో అడిగితే ఎప్పుడో చెబుతారు.

ఇంకొక్కటి. మనవలున్న ఇంట్లో ఆ గుండీ బ్యాటరీలు, వాడేసినవి కూడా, టీపాయ్ మీద ఉంచకండి. పిల్లాడు మింగాడని అనుమానం వస్తే చాలు, క్షణం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.