రెండేళ్లు తడబడిన రిసీవర్‌పై ఆశ పెట్టుకోవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి విస్కాన్సిన్‌లో ఉద్యోగం చేస్తూ, అమెరికన్ ఫుట్‌బాల్‌లో గ్రీన్ బే ప్యాకర్స్ జట్టుకు వీరాభిమాని అయ్యాడు. చేతికందిన బంతులను జారవిడుస్తున్న కుర్ర రిసీవర్ (విసిరిన బంతిని పట్టుకునే ఆటగాడు) గురించి కూడా ‘వచ్చే ఏడాది చూడండి నాన్నా’ అంటాడు. జట్టు వైఖరి బాగుంటే చాలని వాదిస్తాడు. ఇది వట్టి అభిమానమేనా, దీనికి ఆధారమేమైనా ఉందా?
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఆధారం ఉంది. అయితే అది ప్రతి ఆటగాడికీ వర్తించదు. మీ అబ్బాయి అభిమానించే జట్టులోనే డవాంటే ఆడమ్స్ ఉదంతం ఉంది. జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2014లో రెండో రౌండులో, మొత్తం మీద 53వ ఆటగాడిగా ఎంపికైన ఆడమ్స్, తొలి సీజన్‌లో 38 క్యాచ్‌లతో బంతిని మొత్తం 446 గజాలు ముందుకు చేర్చి, 2015 జనవరిలో డాలస్ కౌబాయ్స్‌తో జరిగిన ప్లేఆఫ్ (నాకౌట్) మ్యాచ్‌లో ఏకంగా 117 గజాలు రాబట్టడంతో అభిమానుల ఆశలకు హద్దు లేకుండా పోయింది. ఆ వేసవిలో కోచ్ మైక్ మెకార్తీ కూడా అతణ్ణి బహిరంగంగానే మెచ్చుకున్నారు.

తీరా సీజన్ మొదలయ్యే ముందు ప్రధాన రిసీవర్ జోర్డీ నెల్సన్ మోకాలి గాయంతో ఏడాదంతా ఆటకు దూరమయ్యాడు. ఆ భారం మీద పడిన ఆడమ్స్‌కు ఆరంభంలోనే చీలమండ గాయమైంది. బంతులు జారవిడవడం కూడా దానికి తోడై, 2015లో అతడు 50 క్యాచ్‌లతో 483 గజాలకు, ఒకే ఒక్క టచ్‌డౌన్‌కు (బంతిని ప్రత్యర్థి గీత దాటించడం) పరిమితమయ్యాడు. ఇక ఇతడు పనికిరాడని తేల్చేసిన అభిమానులు తక్కువేమీ కాదు. మరుసటి ఏడాది అదే ఆటగాడు 75 క్యాచ్‌లు, 997 గజాలు, 12 టచ్‌డౌన్లు సాధించాడు. వెయ్యికి మూడు గజాలే తగ్గాయి! 2020లో 18 టచ్‌డౌన్లు, 2021లో 1,553 గజాలు సాధించి లీగ్‌లోని అగ్రశ్రేణి రిసీవర్లలో ఒకడయ్యాడు.

రిసీవర్ ఎదగడానికి రెండు మూడేళ్లు పట్టడంలో వింత లేదు. అతడు వెనక్కి తిరిగి చూడకముందే, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ దాన్ని వదిలేస్తాడు కాబట్టి, ఎన్ని అడుగులు పరుగెత్తి ఏ క్షణంలో మలుపు తీసుకోవాలో ఇద్దరికీ ఒకేలా తెలిసి ఉండాలి. ఆ పైన, ఆట మొదలైన క్షణంలోనే మీదికొచ్చి అడ్డుకునే ప్రత్యర్థి డిఫెండర్‌ను తప్పించుకునే నేర్పు కాలేజీ ఆటలో పూర్తిగా అలవడదు. అందువల్ల నా దృష్టిలో చూడవలసింది క్యాచ్‌ల లెక్క కాదు, అతడు డిఫెండర్‌ను విడిపించుకుని ఖాళీ చోటికి చేరుతున్నాడా లేదా అన్నది. అలా చేరి బంతిని జారవిడిచేవాడు సాధనతో బాగుపడే అవకాశం ఉంది. అసలు ఖాళీకే చేరలేనివాడి విషయంలో ఆశకు ఆధారం తక్కువ. ఫిలడెల్ఫియా ఈగల్స్ 2019 డ్రాఫ్ట్‌లో రెండో రౌండులోనే తీసుకున్న జె.జె. ఆర్సేగా-వైట్‌సైడ్ మూడు సీజన్లలో కలిపి పట్టినవి 16 బంతులే. అతడి మీద కూడా అభిమానులు ‘వచ్చే ఏడాది’ అనే ఆశ పెట్టుకున్నారు.

ఇక జట్టు వైఖరి సంగతి. 2016లో ప్యాకర్స్ వరుసగా నాలుగు మ్యాచ్‌లు ఓడి, 4 గెలుపులు, 6 ఓటములతో ఉన్నప్పుడు, మిగిలిన ఆరు మ్యాచ్‌లూ గెలవగలమని క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రాడ్జర్స్ ప్రకటించాడు, ఆరూ గెలిచి చూపించారు. అది ధైర్యవచనాల ఫలితమేనని అభిమానులు నమ్మితే కాదనను గానీ, గాయం నుంచి కోలుకుని వచ్చిన నెల్సన్ ఆ ఏడాది 14 టచ్‌డౌన్లు చేశాడనీ, డిఫెండర్ల దృష్టి అతడి మీద ఉండటం ఆడమ్స్‌కు కలిసొచ్చిందనీ మరువకూడదు. వైఖరి అంటే నాకు ముఖ్యంగా కనిపించేది, నిన్న బంతి జారవిడిచిన కుర్రవాడికే ఈ రోజు కీలక సమయంలో మళ్లీ బంతి విసరడం. రాడ్జర్స్ ఆడమ్స్ విషయంలో చేసింది అదే. అయినా ఆ సీజన్ అట్లాంటా ఫాల్కన్స్ చేతిలో 44-21 ఓటమితో ముగిసింది. గాయాలతో పలచబడిన ప్యాకర్స్ డిఫెన్స్ మీద ఆ రోజు జూలియో జోన్స్ అనే రిసీవర్ ఒక్కడే 180 గజాలు సాధించాడు.