ప్రార్థన పేరుతో కొడుకుని తిట్టడం ఆపించండి

గుంటూరు జిల్లా నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది: "మా బాబుకి పదిహేడేళ్లు. విజయవాడలో కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఉండి ఇంటర్ ఎంపీసీ చదువుతున్నాడు. ఫస్టియర్‌లో ఫిజిక్స్ పోయింది. దసరా సెలవులకి వచ్చినవాడు మళ్లీ వెళ్లనంటున్నాడు. సరిగా తినడు, రాత్రుళ్లు నిద్రపోడు. చర్చికి రమ్మంటే దుప్పటి ముసుగేసుకుంటాడు. ఒకప్పుడు ఆరాధనలో కీబోర్డు వాయించిన పిల్లాడు. వాళ్ల నాన్న సంఘపెద్ద. నలుగురిలో తలెత్తుకోలేకపోతున్నాం. నేను ఉపవాస ప్రార్థన మొదలుపెట్టాను. వాడిని తిరిగి చర్చికి రప్పించడం ఎలా?"

అమ్మా, చర్చి సంగతి తర్వాత చూద్దాం. "నేను లేకపోతే మీకు ఫీజు డబ్బులైనా మిగులుతాయి కదా" అని వాడు అన్నట్టు ఉత్తరం చివర్లో ఒక ముక్క రాసి, కోపంలో అన్నాడులే అని మీరే సర్దిచెప్పుకున్నారు. నేను అలా సర్దుకోలేను. ఈ రోజే వాడి పక్కన కూర్చుని "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అన్న భయం వద్దు, అలా జరగదు. వాడు ఏం చెప్పినా మధ్యలో బైబిల్ వాక్యం ఎత్తకుండా వినండి. మిరప తోట ఉందన్నారు కదా, ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే ఈ పూటే వేరే చోటికి పంపేయండి. వాడిని ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే ఏ వేళనైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. గుంటూరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్యులున్నారు, ఈ వారమే తీసుకెళ్లండి. ఏదైనా చేసుకుంటాడేమో అన్న అనుమానం గట్టిగా వస్తే వారం దాకా ఆగొద్దు, ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

"విశ్వాసం ఉన్నవాళ్లకి డిప్రెషన్ ఏమిటి" అని మీ పాస్టర్ గారు అన్నారట. బైబిల్లో ఏలీయా ప్రవక్తకి విశ్వాసం తక్కువా? బదరీవృక్షం కింద కూలబడి, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవదూత వచ్చి తట్టి లేపి అప్పం, నీళ్లు ఇచ్చాడు. తిని మళ్లీ పడుకున్నాడు, మళ్లీ లేపి పెట్టాడు. మందలింపు ఒక్కటి లేదు. మీ షుగరుకి మాత్ర వేసుకుంటున్నారు కదా, వాడికి మాత్రం డాక్టరు ఎందుకు వద్దు?

ఇక మీ ఆయన. అసలు చిక్కు అక్కడే ఉంది. రోజూ రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆయన "ప్రభువా, తల్లిదండ్రుల చెమట విలువ తెలియని ఈ బిడ్డకి బుద్ధి ప్రసాదించు" అని గట్టిగా అడుగుతారని మీరు గొప్పగా రాశారు. కొడుకుని తిట్టాలనుకున్న తిట్టుని దేవుడికి విన్నపంలా చేసి, వాడికి వినబడేలా చదువుతున్నారాయన. చివర్లో వాడే ఆమేన్ అనాలి! రోజూ ఆమేన్ అని తన మీద తీర్పుకి తనే ఒప్పుకునే పిల్లాడికి దేవుడి గొంతు, నాన్న గొంతు వేరువేరుగా ఎలా వినబడతాయి? వాడు పారిపోతున్నది యేసు ప్రభువు నుంచి అని నేను అనుకోవడం లేదు. మీరు కూడా వాడి విషయాన్ని స్త్రీల సమాజంలో ప్రార్థన అంశంగా పెట్టారు. ఊరంతా తన మార్కుల కోసం మోకరిస్తుంటే వాడు ఆదివారం ఏ ముఖంతో వస్తాడు?

ఇల్లు చక్కబెట్టుకోలేనివాడు సంఘాన్నేం చూస్తాడని అంటారేమో అన్న భయం ఆయనది. అది నాకు అర్థమవుతుంది, కానీ దాన్ని మోయాల్సింది కొడుకు కాదు. పిల్లలు తల్లిదండ్రుల మాట వినాలన్న వచనాన్ని ఆయన తరచూ చూపిస్తారట. కొలస్సీ పత్రికలో అది 3:20. 21 కూడా చదవమనండి: "తండ్రులారా, మీ పిల్లల మనస్సు క్రుంగకుండునట్లు వారికి కోపము పుట్టింపకుడి." ఈ మాట ఆయనతో మీరే అనాలి. భర్తకి ఎదురు చెప్పలేనని రాశారు. పిల్లాడి ప్రాణం మీదికి వచ్చినప్పుడు నోరు మూసుకోవడాన్ని నేను అణకువ అనను.

నేనూ విశ్వాసినే. ఈ వయసు పిల్లల్ని విశ్వాసం నిలబెట్టడం చూశాను. ఎలా నిలబెట్టిందంటే, మార్కులతో పని లేకుండా తనని ప్రేమించేవాడు ఒకడున్నాడని, మోకాళ్ల మీద ఏడవచ్చని, దేవుడి మీద కోపం వచ్చినా ఆయనతోనే చెప్పుకోవచ్చని వాళ్లకి తెలిసినప్పుడు. 88వ కీర్తన చూడండి, మొదలు నుంచి మొరే, చివరి మాట దాకా చీకటే. అదీ బైబిల్లోనే ఉంది. వాడు అడిగితే చూపించండి, అడక్కపోతే వద్దు.

యూత్‌లో ఉన్న ఆ గిటార్ అన్న బండేసుకుని వస్తే వాడు వెంటనే బయల్దేరేవాడని, "పాటలు తప్ప ప్రార్థన లేని బ్యాచ్" అని మీ ఆయన ఆపేశారని రాశారు. వాడి కోసం మీ గుమ్మం దాకా వచ్చిన ఒక్క మనిషిని వెనక్కి పంపేశారు! ఆ అబ్బాయికి మీరే ఫోన్ చేసి రమ్మనండి. వాళ్లు టీ తాగినా, క్రికెట్ ఆడినా, కీబోర్డు ముట్టుకోకపోయినా సరే, తిరిగొచ్చాక ఏం మాట్లాడుకున్నారని ఆరా తీయకండి.

ఉపవాసం మాత్రం ఆపేయండి. షుగర్ ఉన్న మనిషి అన్నం మానేస్తే, తన వల్లే అమ్మ పస్తులుంటోందన్న బరువు కూడా వాడి నెత్తిన పడుతుంది. ఫిజిక్స్ మళ్లీ రాసుకోవచ్చు, ఏటా వేలమంది రాస్తారు. హాస్టల్‌కి పంపాలా, దగ్గర్లో కాలేజీకి మార్చాలా అన్నది డాక్టరుతో, వాడితో మాట్లాడి తేల్చుకోండి. అప్పటిదాకా కట్టిన ఫీజు మాట ఇంట్లో ఎవరూ ఎత్తకండి, ప్రార్థనలో కూడా.