డౌన్‌లోడ్‌లు వచ్చాక ఇంట్లో సినిమా డిస్కులు ఉంచుకోవాలా?

మీ ఇంట్లో రెండు వందల దాకా డీవీడీలు, పాత వీసీడీలు ఉన్నాయని, సినిమాలన్నీ డౌన్‌లోడ్ చేసుకొనే వీలున్న ఈ రోజుల్లో వాటిని ఉంచుకోవడం దండగేనా, ముందు ముందు ఇళ్లలో డిస్కు అనేదే కనబడకుండా పోతుందా అని మీరు అడిగారు. నేను తెనాలిలో 1991 నుంచి 2012 వరకు వీడియో లైబ్రరీ నడిపాను. క్యాసెట్లు, సీడీలు, డీవీడీలు మూడింటినీ అద్దెకిచ్చి, చివరికి అవే అరల్లో సెల్‌ఫోన్ కవర్లు పెట్టి అమ్ముకున్నవాడిని కాబట్టి ఈ విషయంలో నాలుగు మాటలు చెప్పగలను.

సినిమా చూడటానికి డిస్కు వాడటం మన ఇళ్లలో ఎప్పుడో ఆగిపోయింది. అయితే దాన్ని బయటికి పంపింది మీరంటున్న డౌన్‌లోడ్ కాదు. డబ్బు కట్టి సినిమా కొని, దించుకొని, దాచుకొనే అలవాటు మన దగ్గర ఎన్నడూ వేళ్లూనుకోలేదు. ఆపిల్ కంపెనీ ఆన్‌లైన్ దుకాణం ఐట్యూన్స్‌లో సినిమాల అమ్మకం మన దేశంలో 2012 చివర్లోనే మొదలైంది కాని, మా వీధిలో అలా కొన్న మనిషిని నన్ను తప్ప ఇంకొకరిని నేను చూడలేదు. డిస్కును మొదట దెబ్బతీసింది పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు. తరువాత పూర్తిగా తుడిచిపెట్టింది నెల చందాతో చూసే ఓటీటీ. ఈ తేడా ఎందుకు ముఖ్యమో కాస్త ఆగి చెబుతాను.

నేను షాపు తెరిచిన రోజుల్లో పల్లెలనుంచి వచ్చేవారు ఒక రాత్రికి కలర్ టీవీ, డెక్కు (క్యాసెట్ ఆడించే వీసీఆర్), మూడు క్యాసెట్లు కలిపి అద్దెకు తీసుకొని, రిక్షాలో బొంత పరిచి దాని మీద పెట్టుకొని జాగ్రత్తగా తీసుకువెళ్లేవారు. వానాకాలం వచ్చిందంటే టేపు అంచుల వెంట తెల్లటి బూజు పట్టేది. ఆ టేపు ఒక్కసారి తిరిగితే టేపును చదివే డెక్కు హెడ్డు మూసుకుపోయి, తెర మీద బొమ్మకు బదులు చీమల పుట్ట కనబడేది. 2000 ప్రాంతంలో సినిమా సీడీలు, అంటే వీసీడీలు వచ్చినప్పుడు ఈ పీడ విరగడైందని ఎంత సంతోషించానో చెప్పలేను. ఒక వీసీడీలో పట్టేది 74 నిమిషాలే కనుక మన రెండున్నర గంటల సినిమా రెండు డిస్కుల్లోనో, మూడు డిస్కుల్లోనో వచ్చేది. అక్కడ కొత్త తలనొప్పి మొదలైంది. ఒకే రోజు రెండు సినిమాలు తీసుకువెళ్లిన ఇంట్లో పిల్లలు డిస్కులు మార్చేసేవారు. అట్ట మీద పౌరాణికం బొమ్మ, లోపల మొదటి డిస్కు పౌరాణికం, రెండో డిస్కు ఏదో ఫ్యాక్షన్ కథ. అలా చూసిన తరువాతి ఖాతాదారుడు మర్నాడు షాపు ముందు నిలబడి అడిగే ప్రశ్నలకు నా దగ్గర జవాబు ఉండేది కాదు. అప్పట్లో నా అరల్లో ఉన్నవన్నీ ఒరిజినల్ ప్రింట్లేనని ఇప్పుడు రాస్తే పాత ఖాతాదారులు నవ్వుతారు కాబట్టి ఆ మాట జోలికి పోను.

అద్దె వ్యాపారానికి మొదటి పెద్ద దెబ్బ ఇంటర్నెట్ వల్ల తగల్లేదు, డిస్కు చవక కావడం వల్లనే తగిలింది. ఖాళీ సీడీలు తయారుచేసే మోజర్ బేర్ కంపెనీ సినిమాల హక్కులు కొని, 2007 ప్రాంతంలో వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మసాగింది. అంతకుముందు ఒరిజినల్ డిస్కు వంద రూపాయలకు అటూ ఇటూగా ఉండేది. నేను రోజుకు పది రూపాయలు అద్దె తీసుకొనేవాడిని. రెండుసార్లు ఆలస్యంగా తిరిగిస్తే పడే అద్దెకు కొత్త డిస్కే వస్తుంటే నా షాపుకు ఎవరు వస్తారు? మీ రెండు వందల డిస్కుల్లో సగమైనా ఆ కాలంలో కొన్నవే అయి ఉంటాయని నా ఊహ. కిరాణా కొట్లో బిస్కెట్ ప్యాకెట్ల పక్కన సినిమాలు వేలాడిన రోజులవి. అంత విరివిగా అమ్మిన ఆ కంపెనీనే 2018లో ట్రిబ్యునల్ ఆదేశంతో లిక్విడేషన్‌కు, అంటే ఆస్తులు అమ్మి మూసేయడానికి వెళ్లింది.

ఇక డౌన్‌లోడ్ సంగతి. అప్పటి బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్‌లో రాత్రి రెండు గంటలనుంచి ఉదయం ఎనిమిది దాకా ఎంత వాడుకున్నా లెక్క ఉండని ప్లాన్ ఒకటి ఉండేది. 256 కేబీపీఎస్ వేగంతో 700 ఎంబీ ఫైలు దిగడానికి సుమారుగా ఆ ఆరు గంటలూ పట్టేవి. ఆ 700 ఎంబీ లెక్క కూడా ఫైలు ఒక సీడీలో పట్టాలని పెట్టుకున్నదే, అంటే డౌన్‌లోడ్ సైతం డిస్కు కొలతకే కుట్టించుకున్న చొక్కా అన్నమాట. మా షాపు ఎదుట ఒక కుర్రాడు రెండు గంటలకు అలారం పెట్టుకొని లేచి, డౌన్‌లోడ్ మొదలుపెట్టి పడుకొనేవాడు. పగలు 'డౌన్‌లోడింగ్ చేయబడును' అని బోర్డు పెట్టి, ఇరవై రూపాయలకు మెమరీ కార్డు నిండా సినిమాలు, పాటలు ఎక్కించి ఇచ్చేవాడు. అవన్నీ దొంగ కాపీలేనని వేరే చెప్పనక్కరలేదు. నేను షాపు ఎత్తేయడానికి ఆ కుర్రాడే కారణమని చాలాకాలం అనుకున్నాను. 2016 సెప్టెంబరులో జియో వచ్చి, అదే ఏడాది చివర్లో ప్రైమ్ వీడియో కూడా వచ్చాక ఆ కుర్రాడి బోర్డు సైతం మాయమైంది. సినిమాను దగ్గర పెట్టుకోవాలన్న కోరికే జనంలో తగ్గిపోయింది. కావలసినప్పుడు నొక్కితే వస్తుందిలే అన్న ధీమా దాని చోటికి వచ్చింది.

ఆ ధీమా ఎంతవరకు నిజమో మీరు చూసుకోవాలి. నేను 2014లో ఒక ఆన్‌లైన్ దుకాణంలో నాలుగు సినిమాలు 'కొన్నాను'. అద్దెకు తీసుకొన్నవి కావు. అద్దెవైతే సాధారణంగా 30 రోజుల్లో మొదలుపెట్టి, మొదలుపెట్టిన 48 గంటల్లో పూర్తిచేయాలన్న నిబంధన ఉంటుంది, అది నాకు తెలుసు. ఇవి పూర్తి ధర పెట్టి కొన్నవి, కంప్యూటరులోకి దించుకొన్నవి. కొన్నేళ్లకు ఆ దుకాణం సినిమాల విభాగాన్ని మూసేసింది. దాని గురించి పంపిన మెయిలు ప్రకటనల మధ్య కలిసిపోయి నా కంట పడలేదు. ఒక సంక్రాంతి సెలవుల్లో పిల్లలకు చూపిద్దామని ఫైలు తెరిస్తే, అనుమతి సరిచూడటం కుదరలేదని ఒక చిన్న పెట్టె వచ్చింది. ఫైలు నా హార్డ్ డిస్కులోనే ఉంది, దాని పరిమాణం ఒక్క కేబీ కూడా తగ్గలేదు. తాళం చెవి మాత్రం ఎక్కడో దూరంగా, నాకు తెలియని సర్వరులో ఉండేది, ఆ సర్వరు ఇప్పుడు లేదు. పెట్టె మీ ఇంట్లో, చెవి పరాయి ఊళ్లో ఉంటే ఆ పెట్టె ఎవరిదని అనాలి?

ఇది నా ఒక్కడి దురదృష్టం అనుకోకండి. హాలీవుడ్ స్టూడియోలు కలిసి 2011లో మొదలుపెట్టిన అల్ట్రావయొలెట్ అనే, కొన్న సినిమాలను ఆన్‌లైన్‌లో దాచే డిజిటల్ బీరువా 2019 జూలై 31న మూతపడింది. చాలామంది తమ సినిమాలను వేరే సేవలకు అనుసంధానించుకొని కాపాడుకున్నారు కాని, ఆ పని వాళ్లే చేసుకోవలసి వచ్చింది. 2023 డిసెంబరులో సోనీ ఆటల యంత్రం ప్లేస్టేషన్‌లో డిస్కవరీ చానెల్ కార్యక్రమాలు కొన్నవారికి, అవి మీ ఖాతాలోంచి తొలగిపోతాయని నోటీసు వచ్చింది. గగ్గోలు రేగాక లైసెన్సు కుదిరి అవి నిలిచాయి. ఇలాంటి గొడవలు పెరిగాకనే అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, కేవలం లైసెన్సు (వాడుకొనే అనుమతి) ఇస్తున్న సరుకుకు ఆ సంగతి స్పష్టంగా చెప్పకుండా 'కొనండి' అనే మాట వాడరాదని చట్టం చేసి 2025 జనవరి 1 నుంచి అమలులో పెట్టింది. డిస్కుకు ఈ బెడద లేదు. కొన్నవాడు దాన్ని పక్కింటివారికి ఇవ్వవచ్చు, అమ్మవచ్చు, కంపెనీ దివాలా తీసినా వేసి చూడవచ్చు. మోజర్ బేర్ పోయింది, దాని డిస్కులు మా ఇంట్లో ఇంకా తిరుగుతున్నాయి.

బొమ్మ నాణ్యత విషయంలో మాత్రం డిస్కును నెత్తిన పెట్టుకోవలసిన పని లేదు. మీ వీసీడీల బొమ్మ 352×288 చుక్కలు, డీవీడీలది 720×576. పాత డబ్బా టీవీలో బాగానే ఉండేవి. ఇప్పటి 43 అంగుళాల టీవీలో వేస్తే మొహాలు నీళ్లలో నానినట్టు కనబడతాయి. అదే సినిమా ఓటీటీలో మంచి ప్రింటుతో ఉంటే అదే మేలు. డీవీడీ తరువాత వచ్చిన బ్లూరే డిస్కు సంగతి వేరు. దానిలో 25 నుంచి 50 జీబీ, ఇంకా స్పష్టమైన బొమ్మ ఉండే 4కే డిస్కులో 100 జీబీ దాకా పడుతుంది. ఓటీటీవారు 4కే సినిమాకు గంటకు సుమారు ఏడు జీబీతో సరిపెడతారు. చీకటి సన్నివేశాల్లో నలుపు మెట్లు మెట్లుగా విరిగిపోవడం, ఉరుముల శబ్దం పలచబడటం అందుకే. కాని తెలుగు సినిమాలు బ్లూరేలో వచ్చినవి చాలా తక్కువ కాబట్టి, ఈ తేడా మన ఇళ్లలో ఎక్కువమందికి పట్టదు.

నా అనుభవంలో డిస్కుకు అసలు శత్రువు డౌన్‌లోడ్ కంటే ప్లేయరు దొరకకపోవడమే. జపానుకు చెందిన ఫునాయ్ కంపెనీ 2016 జూలైలో వీసీఆర్‌ల తయారీ ఆపేసినప్పుడు, ప్రపంచంలో ఇంకెవరూ వాటిని చేయడం లేదు. ఆ రోజు కోట్ల క్యాసెట్లు ఒక్కటీ పాడవకుండానే పనికిరానివి కావడం మొదలైంది. బ్లూరే ప్లేయర్లనుంచి సామ్‌సంగ్ 2019లో తప్పుకుంది. నెట్‌ఫ్లిక్స్ 1998లో మొదలుపెట్టిన డీవీడీల పంపిణీని 2023 సెప్టెంబరు 29న ముగించింది. మన లాప్‌టాప్‌లలో డిస్కు పెట్టే గూడు పోయి చాలా ఏళ్లయింది. ఇంట్లో పనిచేసే ప్లేయరు ఉంటే దాన్ని పాత సామాన్లవాడికి ఇవ్వకండి. పెద్ద కంపెనీ ప్లేయరే కావాలని కూడా లేదు. డీవీడీలను ఒక్కో ప్రాంతపు (రీజియన్) ప్లేయర్లలోనే ఆడేలా చేసి అమ్మేవారు. మా తమ్ముడు అమెరికానుంచి తెచ్చిన డీవీడీలు ఒకటో రీజియన్‌వి కావడం వల్ల నేను ముచ్చటపడి కొన్న ఖరీదైన ప్లేయరులో పడలేదు, మనది ఐదో రీజియన్ కదా. పేరూ ఊరూ లేని తొమ్మిది వందల రూపాయల చైనా ప్లేయరు వాటిని కళ్లు మూసుకొని ఆడించింది.

డిస్కు కూడా శాశ్వతం కాదు. ఒక్కొక్కదాన్ని బల్బుకు ఎదురుగా పట్టుకొని చూడండి. వెండిపూతలో సూదిబెజ్జాల్లా వెలుగు చుక్కలు కనబడితే ఆ డిస్కు లోపలినుంచి తినేయబడుతోందని అర్థం. వీసీడీలకు అడుగువైపు పడిన గీతకంటే పైన బొమ్మ వేసినవైపు పడిన గీత ప్రమాదం, ఎందుకంటే సమాచారం ఉండే పొర ఆ బొమ్మకు దిగువనే ఉంటుంది. తుడిచేటప్పుడు పాత బనీను ముక్కతో మధ్యనుంచి అంచుకు నేరుగా తుడవాలి. గుండ్రంగా రుద్దితే పడే గీత ట్రాకు వెంటే పోయి డిస్కును ఆపేస్తుంది.

మీరు చేయవలసిన మొదటి పని సినిమాల డిస్కులతో కాదు. వాటి మధ్య ఎక్కడో మీ ఇంటి పెళ్లి సీడీలు, పిల్లల అన్నప్రాసన డీవీడీలు ఉంటాయి, వెతకండి. అవి ఏ ఓటీటీలోనూ దొరకవు, పైగా వీడియోగ్రాఫరు రాసి ఇచ్చే డిస్కులు రంగు పొర మీద లేజరుతో కాల్చి రాసినవి కనుక, కంపెనీ అచ్చు వేసిన డిస్కులకంటే ముందే చస్తాయి. యూఎస్‌బీతో తగిలించే డిస్కు డ్రైవు ఒకటి సంపాదించి, వీసీడీ అయితే 'ఎంపెగ్‌ఏవీ' ఫోల్డరులోని 'డాట్' ఫైళ్లను, డీవీడీ అయితే 'వీడియో టీఎస్' ఫోల్డరును మొత్తంగా రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లోకి కాపీ చేసి, ఒకటి వేరే ఇంట్లో ఉంచండి. కాపీ మధ్యలో ఆగిపోతే డిస్కు తుడిచి, వేరే డ్రైవులో ప్రయత్నించండి. ఒక డ్రైవు చదవలేనిది ఇంకొకటి చదవడం నేను పదులసార్లు చూశాను. ఆ తరువాత సినిమాల దగ్గరికి రండి. ఒక్కొక్క పేరు ఓటీటీల్లోనూ, యూట్యూబులోనూ వెతికి, పూర్తి నిడివితో మంచి ప్రింటు ఉన్నవాటిని పక్కన పెట్టండి. దొరకనివి, పాటలు కోసేసి పెట్టినవి, రంగులూ చప్పుడూ చెడిపోయిన కాపీలుగా మాత్రమే దొరికేవి ఉంచుకోండి. క్యాసెట్టునుంచి సీడీకి మారినప్పుడు నా అరల్లోని పాత సాంఘికాలు కొన్ని మళ్లీ సీడీగా రానే లేదు. సీడీనుంచి ఓటీటీకి మారినప్పుడూ కొన్ని అలాగే దారిలో జారిపోయాయి. నేను వెతికితే నా డిస్కుల్లో అలాంటివి అరవై మూడు తేలాయి. అవి బీరువాలో నిలువుగా, ఎండ తగలకుండా ఉన్నాయి.

మిగిలిన మూడు నాలుగు వందల సీడీలను మా బావమరిది పట్టుకుపోయి, పిట్టలు వాలకుండా తన జొన్నచేలో దారాలకు కట్టాడు. గాలికి తిరుగుతూ బాగానే మెరుస్తున్నాయట, చిలకలు మాత్రం వారం రోజులకే వాటికి అలవాటుపడ్డాయని ఫోను చేశాడు.