తీగలు మార్చే ముందు ఇదొక్కసారి చదువు

అమ్మలూ,

నీ ఎలక్ట్రిక్ గిటార్‌కి కొత్త తీగలు తెచ్చుకుని వారమైనా ప్యాకెట్ విప్పడానికి చెయ్యి రావట్లేదన్నావు కదా. మొదటిసారి గంట పడుతుంది, అలవాటైతే ఇరవై నిమిషాల పని, అంతకంటే ఏం లేదు. అయితే కళ్లజోడు మాత్రం పెట్టుకో. నా మొదటిసారి హై-ఇ తీగ, అంటే అన్నిటికంటే సన్నది, బిగిస్తూ, శ్రుతి చూపే ట్యూనర్‌లో ఇ అని ఎప్పుడు పడుతుందా అని తిప్పుతూనే పోయాను, అది ఎప్పుడో దాటిపోయిందని, నేను వెతుకుతున్నది పై స్థాయి ఇ అని తెలిసేలోపే ఠప్పున తెగి చెంప మీద గీత పెట్టింది. అందుకే పాతవి తీసే ముందు ఆరు తీగలూ ట్యూన్ చేసి, మోగించి, ఫోన్‌లో రికార్డు చేసుకో. బిగించేటప్పుడు దానితో పోల్చుకుంటే స్థాయి తప్పదు.

ప్యాకెట్ మీద 9-42 అనో 10-46 అనో ఉంటుంది చూడు, అది అన్నిటికంటే సన్న తీగ, లావు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. ఇప్పుడున్న మందమే మళ్లీ వెయ్యి. లావు తీగలు వేస్తే లాగుడు పెరిగి నెక్ కాస్త వంగుతుంది, బ్రిడ్జ్ (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే చోటు) స్ప్రింగులదైతే పైకి లేస్తుంది, ఆ సర్దుబాట్లన్నీ ఇప్పుడే నీకెందుకు?

ఒక తీగ తీయి, దాని చోట కొత్తది వెయ్యి, ఆ తర్వాతే ఇంకోటి. ఆరూ ఒకేసారి పీకేస్తే కొన్ని గిటార్లలో కింది చివర తీగల్ని పట్టి ఉంచే కడ్డీ ఊడి కింద పడుతుంది. వదులు చేయకుండా మాత్రం ఏ తీగనీ కత్తిరించకు. నట్ (నెక్ చివర తీగలు ఆనే పట్టీ) దగ్గరా, బ్రిడ్జ్ దగ్గరా రెండు చోట్లా స్క్రూలతో తీగని పట్టి ఉంచే రకమైతే ఇక్కడే ఆగి నాకు ఫోన్ చెయ్యి, దాని కథ వేరు.

అసలు చిక్కంతా తీగ చుట్టుకునే పెగ్గు దగ్గరే. చుట్లు ఎటు తిరిగాయో ముందే ఒక ఫొటో తీసి పెట్టుకో. కొత్త తీగ గుండున్న చివర బ్రిడ్జ్‌లో సరిగ్గా కూర్చుందో లేదో చూసి, తీగని పెగ్గు వరకూ లాగి, పెగ్గు దాటి, రెండు పెగ్గుల మధ్య ఎడానికి ఒకటిన్నర రెట్ల దూరంలో వేలితో గుర్తు పట్టుకో. తీగ చివరని పెగ్గు రంధ్రంలో దూర్చి, ఆ గుర్తు రంధ్రం దగ్గరికి వచ్చేలా పెట్టి, అవతల మిగిలిన తోకని బాగా మడిచెయ్యి. ఆ మడతే తీగ జారకుండా పట్టేది. ఇక ఒక చేత్తో తీగని కాస్త బిగువుగా పట్టుకుని, రెండో చేత్తో పెగ్గు తిప్పు. ప్రతి చుట్టూ ముందు చుట్టు కిందికి రావాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. లావు తీగలకి రెండు మూడు చుట్లు, సన్నవాటికి నాలుగైదు. చుట్లు మరీ ఎక్కువైతే శ్రుతి నిలవదు. లావు తీగని మడవకుండా కత్తిరిస్తే పైన చుట్టిన తీగ విప్పుకుపోతుంది, నేనలా ఒక కొత్త తీగనే పారేసుకున్నాను.

తీగ తీసినప్పుడు దాని కింద ఫ్రెట్‌బోర్డు మీద జిడ్డు కనిపిస్తే పొడిగుడ్డతో తుడిస్తే చాలు. స్టీల్ ఉన్ని మాత్రం వాడకు, ఆ పొడి అంతా తీగల కంపనాన్ని అందుకునే పికప్పుల్లోని అయస్కాంతాలకి అతుక్కుంటుంది.

ట్యూన్ చేశాక ఐదు నిమిషాలకే శ్రుతి దిగిపోతే కంగారు పడకు, కొత్త తీగ సాగుతోందంతే. పన్నెండో ఫ్రెట్ (నెక్ మీది అడ్డ కడ్డీ) దగ్గర మెల్లగా పైకి లాగి, మళ్లీ ట్యూన్ చెయ్యి. ఒక్కో తీగకి మూడు నాలుగుసార్లు ఇలా. జి తీగ (సన్నవాటి వైపు నుంచి మూడోది) అన్నిటికంటే మొండిది, దానికి ఇంకోసారి ఎక్కువే పడుతుంది.

మిగిలిన తోకలు కటింగ్ ప్లేయర్‌తో పెగ్గు పక్కనే కత్తిరించు. ఆ ముక్కలన్నీ ఏరి టేపు చుట్టి పారెయ్యి, లేకపోతే చెప్పుల్లేకుండా నడిచేది మీ అమ్మే.

మీ మావయ్య