మిట్టమధ్యాహ్నం గట్టు మీద మా పాప ఏం ఫొటోలు తీస్తోంది?

ప్రశ్న: మాది కోవూరు దగ్గర పల్లె. మా అమ్మాయి నెల్లూరులో బీఎస్సీ కంప్యూటర్స్ రెండో సంవత్సరం చదువుతోంది. వాళ్ళ మామయ్య ఇచ్చిన పాత కెమెరాతో ‘ఇన్‌ఫ్రారెడ్’ ఫొటోలు నేర్చుకుంటానంటోంది. సెలవొస్తే చాలు, మిట్టమధ్యాహ్నం పొలం గట్టు మీదే. తీసినవి చూస్తే అన్నీ కుంకుమ నీళ్ళు పోసినట్టు ఎర్రగా ఉన్నాయి. ఇప్పుడు కెమెరా విప్పించి లోపల ఏదో తీయించాలట, ఇరవై వేలు అడుగుతోంది. చదువు పాడవుతుందని వాళ్ళ నాన్నకు టెన్షన్. ఇందులో బతుకుదెరువు ఉందా?

జవాబు: అమ్మా, ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. ఆ ఇరవై వేలు ఇప్పుడు ఇవ్వకండి. అలాగని కెమెరా లాక్కుని బీరువాలో పెట్టకండి.

ఎండలో తిరుగుతోందని తిట్టొద్దు. మామూలు ఫొటోలకు పొద్దున్నో సాయంత్రమో వెళ్ళమంటారు గానీ, ఈ పనికి సూర్యుడు నడినెత్తి మీద ఉంటేనే మేలు. వెలుగు తరంగాల పొడవును నానోమీటర్లలో కొలుస్తారు. మన కంటికి కనిపించే వెలుగు సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల వరకే. ఎరుపు దాటాక వచ్చేది ఇన్‌ఫ్రారెడ్. అందులో ఈ ఫొటోలకు పనికొచ్చేది 700 నుంచి 900 దాకా. పచ్చని ఆకు ఎరుపునీ నీలాన్నీ తాగేస్తుంది, ఈ వెలుగులో మాత్రం చాలా భాగాన్ని తిప్పికొడుతుంది. అందుకే వరి చేను పత్తి విరగకాసినట్టు తెల్లగా, కాలవ నీళ్ళు నల్లగా వస్తాయి. ఇది కంప్యూటర్‌లో చేసిన మాయ కాదు. రాబర్ట్ వుడ్ అనే అమెరికా భౌతిక శాస్త్రవేత్త 1910లోనే ఇలాంటి ఫొటోలు చూపించాడు.

కెమెరాలో వెలుగును ఫొటోగా పట్టే సెన్సర్‌కు ఈ ఇన్‌ఫ్రారెడ్‌ను చూసే శక్తి ముందే ఉంటుంది. రంగులు చెడకుండా తయారు చేసేవాళ్ళే దాని ముందు ఒక అడ్డు గాజు పెడతారు. మీ అమ్మాయి తీయించాలంటున్నది దాన్నే. తీయిస్తే ఫొటోలు చకచకా వస్తాయి, నిజమే. కానీ ఆ తర్వాత ఆ కెమెరాతో మామూలు రంగుల ఫొటోలు సరిగా రావు. ఇంట్లోనే స్క్రూడ్రైవర్ పట్టుకుని విప్పే ఆలోచన ఉంటే గట్టిగా వద్దనండి. బ్యాటరీ తీసేసినా లోపల ఫ్లాష్ కోసం కరెంటు దాచుకునే కెపాసిటర్ గట్టి షాక్ కొట్టగలదు.

ఆ అడ్డు గాజు కూడా ఎంతో కొంత ఇన్‌ఫ్రారెడ్ వెలుగును లోపలికి వదులుతుంది. ఎంత వదులుతుందో చూసుకోవడానికి పైసా ఖర్చు లేదు. టీవీ రిమోట్‌ను లెన్స్ వైపు పట్టుకుని బటన్ నొక్కి, కెమెరా తెర మీద చూడమనండి. రిమోట్ మూతి దగ్గర చుక్క వెలిగితే, లెన్స్ ముందు బిగించే 720 నానోమీటర్ల ఫిల్టర్ (అంతకు తక్కువ వెలుగును ఆపేసే గాజు) ఒక్కటి కొంటే చాలు. ఫొటోలు ఎర్రగా వస్తున్నాయన్నారు కాబట్టి, ఏదో ఒక ఫిల్టర్ ఇప్పటికే చేతిలో ఉందేమో కూడా అడగండి. అది 850ది అయితే నలుపు తెలుపు ఫొటోలకే పనికొస్తుంది.

ఇక పాప చదవాల్సిన భాగం ఇది. ఫిల్టర్ బిగించాక ఎంత ఎండలోనైనా ఒక్కో ఫొటోకు కొన్ని సెకన్ల నుంచి అర నిమిషం పైన పడుతుంది. ట్రైపాడ్ లేకుండా కుదరదు. ముందు ఫిల్టర్ లేకుండా ఫోకస్ చేసి, ఆటో ఫోకస్ ఆపేసి, అప్పుడు ఫిల్టర్ బిగించాలి. ఈ వెలుగుకు ఫోకస్ కొంచెం తేడాగా పడుతుంది కాబట్టి అపెర్చర్ (లెన్స్‌లో వెలుగు దూరే కన్నం) ఎఫ్ 8 దగ్గర పెట్టుకుంటే ఆ తేడా చాలావరకు సర్దుకుంటుంది. నేను మొదటిసారి ఉదయగిరి కొండ కింద పాతిక ఫొటోలు తీశాను. ఫిల్టర్ తిప్పేటప్పుడు లెన్స్ ఫోకస్ రింగ్ కూడా కదిలిందని ఇంటికొచ్చి చూసుకునేదాకా తెలియలేదు. ఒక్కటీ పనికిరాలేదు. కెమెరాకు కన్ను పెట్టి చూసే కిటికీ ఉంటే దాన్ని గుడ్డతో మూయాలి, లేకపోతే వెనక నుంచి వెలుగు దూరుతుంది. ఫొటో మధ్యలో తెల్లటి గుండ్రటి మచ్చ వస్తే తప్పు నీది కాదు, కొన్ని లెన్సుల గుణమే అంత. గాలి ఉన్న రోజు మైపాడు ఒడ్డుకు వెళ్తే కొబ్బరాకులు చీపురు గీతల్లా వస్తాయి. నాకైతే అవీ బాగానే ఉంటాయి.

కుంకుమ ఎరుపు సంగతి. ఫొటోలు రా ఫార్మాట్‌లో, అంటే కెమెరా మార్పులు చేయని ముడి ఫైలుగా తీయాలి. తీసే ముందే, ఫిల్టర్ బిగించి ఉండగా, ఎండ పడుతున్న గడ్డిని చూపించి కస్టమ్ వైట్ బ్యాలెన్స్ (ఏది తెలుపో కెమెరాకు చెప్పే సెట్టింగ్) పెట్టుకోవాలి. సగం ఎరుపు అక్కడే పోతుంది. ఫొటోలు దిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే మళ్ళీ ఎర్రబడుతుంది, ఎందుకంటే అందులో వైట్ బ్యాలెన్స్ టెంపరేచర్ 2000 కెల్విన్ కిందికి దిగదు. కెమెరా కంపెనీ ఇచ్చే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, తర్వాత ఉచితంగా దొరికే ఫొటో సాఫ్ట్‌వేర్ గింప్‌లోకి తెచ్చుకోవచ్చు. అక్కడ ఎరుపు, నీలం తారుమారు చేయాలి: చానల్ మిక్సర్‌లో రెడ్‌కు రెడ్ 0, బ్లూ 1. బ్లూకు రెడ్ 1, బ్లూ 0 పెడితే గోధుమ రంగు ఆకాశం నీలంగా మారుతుంది, ఆకులు మీగడ రంగులోకి వస్తాయి. కాంట్రాస్ట్ కొంచెం పెంచి ఆపేయాలి. కొత్తవాళ్ళు ఇక్కడే ఆగలేక ఫొటోను రంగుల రాట్నం చేస్తారు.

బతుకుదెరువు అడిగారు. ఈ ఫొటోలు అమ్ముకుని బతకడం చాలా కష్టమమ్మా. పెళ్ళిళ్ళకు కూడా పనికిరావు, పెళ్ళికూతురు మైనపు బొమ్మలా పాలిపోయి వస్తుంది. కానీ ఆకు తిప్పికొట్టే ఆ వెలుగునే ఉపగ్రహాలు కొలుస్తాయి. 2016 డిసెంబర్‌లో శ్రీహరికోట నుంచి వెళ్ళిన రిసోర్స్‌శాట్-2ఏ కూడా పైనుంచి పంటను ఈ వెలుగులో చూసేదే. ఇన్‌ఫ్రారెడ్‌లోంచి ఎరుపును తీసేసి, రెండింటి మొత్తంతో భాగిస్తే వచ్చే అంకెను ఎన్‌డీవీఐ అంటారు. పైరు ఎంత పచ్చగా, ఏపుగా ఉందో దాన్నిబట్టి అంచనా వేస్తారు. కంప్యూటర్స్ చదివే పిల్లకు ఇది కొత్త దారి. డిగ్రీ తప్పకుండా పూర్తి చేయనివ్వండి. ఈలోగా మ్యాపులు, ఉపగ్రహ చిత్రాలతో పని చేసే క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నేర్చుకోవచ్చు. డెహ్రాడూన్‌లోని ఇస్రో సంస్థ ఐఐఆర్‌ఎస్ ఆన్‌లైన్‌లో ఉచితంగా చెప్పే రిమోట్ సెన్సింగ్ (దూరం నుంచి భూమిని కొలిచే విద్య) కోర్సులు చేయొచ్చు. డిగ్రీ తర్వాత జియోఇన్‌ఫర్మాటిక్స్‌లో (కంప్యూటర్‌తో భూమి సమాచారాన్ని విశ్లేషించే చదువు) పీజీకి ప్రయత్నించొచ్చు. డ్రోన్ వైపు మనసు పోతే పైలట్ సర్టిఫికెట్‌కు 18 ఏళ్ళు నిండి, పదో తరగతి పాసై ఉంటే చాలు. అయితే విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతి ఉన్న కేంద్రంలోనే శిక్షణ తీసుకోవాలి.

ఈసారి నాట్లు పడ్డాక పాపకు ఒక పని పెట్టండి. గట్టు మీద ఒకే చోట కర్ర పాతి, పదిహేను రోజులకోసారి అదే వేళకు ఒక మామూలు ఫొటో, ఒక ఇన్‌ఫ్రారెడ్ ఫొటో కోతల దాకా తీయమనండి. చేను ఎక్కడ తెల్లదనం తగ్గిందో వాళ్ళ నాన్నకు చూపించి, అక్కడ నీళ్ళు అందలేదా, తెగులు తగిలిందా అని ఆయన్నే అడిగి రాసుకోమనండి. ఫొటో ఒక్కటే కారణం చెప్పదు, అది రైతే చెప్పాలి. ఆ వరస పూర్తయ్యాక ఇరవై వేల సంగతి మళ్ళీ మాట్లాడుకుందాం. టోపీ, మజ్జిగ సీసా మాత్రం ఇప్పుడే ఇచ్చి పంపండి.