అలకి వీపు పెట్టి నిలబడ్డవాడు

విశాఖపట్నం

చిరంజీవికి,

నీ పన్నెండు పేజీలూ అందాయి. మీ నాన్న ఫోన్ చేసి ‘మా అమ్మాయి ఎవరో హవాయి సర్ఫర్ మీద రాసిందిరా, కాస్త చూసిపెట్టు’ అన్నప్పుడు, మన క్రికెటర్లందరూ అయిపోయారా ఏమిటి అనుకున్నాను. చదివాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను. ఆండీ ఐరన్స్ జీవితం రాయదగ్గదే. నీకు రాయడమూ వచ్చు. అందుకే ఎర్ర పెన్ను పట్టుకుని రెండోసారి కూర్చున్నాను. రానివాళ్లకైతే ‘బాగుందమ్మా’ అని ఒక ముక్క రాసి పంపేసేవాణ్ణి.

నీ మొదటి వాక్యం నుంచే మొదలుపెడతాను. ‘2010 నవంబర్ 2. డాలస్ విమానాశ్రయంలోని హోటల్ గది తలుపు ఎంత కొట్టినా తెరుచుకోలేదు.’ నీ వయసులో నేనూ ఇలాగే మొదలుపెట్టేవాణ్ణి. పాఠకుణ్ణి పట్టేస్తుంది, కాదనను. కానీ ఆ తర్వాత ఏం జరిగిందో చూడు. నాలుగో పేజీలో కుర్రాడు కవాయి దీవిలో హనలే దగ్గర మొదటి బోర్డు పట్టుకుంటాడు. పాఠకుడికి బోర్డు కనపడదు, హోటల్ తలుపే కనపడుతుంది. ఆరో పేజీలో ప్రపంచ ఛాంపియన్ అవుతాడు. అప్పుడూ తలుపే. ముప్ఫై రెండేళ్లు బతికిన మనిషిని చివరి రోజు గుమ్మం ముందు క్యూలో నిలబెట్టావు. ఆయన ఆ ఏళ్లన్నీ ఆ రోజు కోసం బతకలేదు కదా! చావు దగ్గర్నుంచి వెనక్కి రాయకు. ఆయనకి తెలియని సంగతి నీ పాఠకుడికి మొదటి పేజీలోనే చెప్పకు. వాళ్లలో చాలామందికి ఎలాగూ తెలిసే ఉంటుంది. తెలిసినా సరే, నువ్వు చెప్పకు.

రెండో సంగతి. ‘అద్భుత ప్రతిభ’ అని ఏడుసార్లు రాశావు. లెక్కపెట్టాను. ఒక్కచోట కూడా ఆ ప్రతిభ నాకు చూపించలేదు. పైగా ‘సముద్రుడితో సయ్యాటలు’ ఒకటి! దాన్ని కొట్టేశాను, క్షమించు. ప్రతిభ చూపించాలంటే ముందు కెరటం ఏమిటో నీకు తెలియాలి.

ఓవాహు దీవి ఉత్తరపు ఒడ్డున పైప్‌లైన్ అనే చోటుంది. చలికాలంలో ఉత్తర పసిఫిక్‌లో ఎక్కడో తుఫాన్లు రేగుతాయి. అవి లేపిన కెరటాలు వేల కిలోమీటర్లు వచ్చి హవాయికి తగులుతాయి. మన తీరంలో సముద్రం అడుగు మెల్లగా పైకి లేస్తూ వస్తుంది కాబట్టి, కెరటం ఒడ్డు చేరేలోపే కొంత బలం ఆ నేల మీద రాసుకుని పోగొట్టుకుంటుంది. హవాయి దీవులు నడిసముద్రంలో లేచిన అగ్నిపర్వతాలు. వాటి చుట్టూ అలా మెల్లగా లేచే నేల లేదు. లోతు నీళ్లలోంచి వచ్చిన కెరటం ఒక్కసారిగా లోతులేని లావా రాయిని తన్నుకుని, పైభాగం ముందుకి విసిరి పడుతుంది. ఆ పడే నీటికీ గోడకీ మధ్య ఒక బోలు మిగులుతుంది. దాన్నే బ్యారెల్ అంటారు. నువ్వు ‘జలసొరంగం’ అని రాశావు. బ్యారెల్ అనే ఉంచు. ఒకసారి వివరించు చాలు, మనవాళ్లు పట్టుకుంటారు. ఎల్బీడబ్ల్యూని ఎవరైనా తెలుగు చేశారా?

ఇప్పుడు అసలు విషయం. నీ పన్నెండు పేజీల్లో ఇది లేకపోవడం చూసి ఆశ్చర్యపోయాను. పైప్‌లైన్ కెరటం ఎడమకి విరుగుతుంది. అంటే దాని మీద ఉన్న మనిషి ఒడ్డుకి ముఖం పెట్టి చూస్తే, తన ఎడమ వైపుకి జారుతూ పోవాలి. ఆండీ ఎడమ కాలు ముందు పెట్టి నిలబడే మనిషి. ఆ భంగిమలో ఎడమకి పోతే వీపు కెరటం వైపు ఉంటుంది. విరిగి మీద పడబోయే గోడని ఎదురుగా చూడ్డానికి లేదు. మోకాళ్లు ముడిచి, బోర్డు అంచు చేత్తో పట్టుకుని, భుజం మీదుగా తల తిప్పి చూసుకోవాలి. తమ్ముడు బ్రూస్ కుడి కాలు ముందు పెట్టేవాడు. అదే కెరటం అతనికి ఎదురుగా, కళ్ల ముందు ఉంటుంది. ఒకే ఇంట్లో పుట్టి, ఒకే సముద్రంలో పెరిగిన ఇద్దరన్నదమ్ముల్లో పైప్‌లైన్ ఒకడికి ముఖం చూపిస్తే ఇంకొకడికి వీపు వైపు వస్తుంది. అలా వీపు పెట్టి ఆండీ అక్కడ మాస్టర్స్ పోటీ నాలుగుసార్లు గెలిచాడు: 2002, 2003, 2005, 2006. చూశావా, ఇప్పుడు ‘అద్భుత’ అనే మాట అవసరం పడిందా?

బ్రూస్‌కి నువ్వు ఒకే ఒక్క వాక్యం ఇచ్చావు. ఇది చాలా అన్యాయం. ఆండీ 1978 జూలైలో, బ్రూస్ 1979 నవంబర్‌లో పుట్టారు. అంత దగ్గర వయసు అన్నదమ్ములున్న ఇల్లు నీకు తెలుసు, మీ పెదనాన్న గారి ఇల్లే. పైప్‌లైన్ మాస్టర్స్ ముందు గెలిచింది తమ్ముడు, 2001లో. అన్న ఆ మరుసటి ఏడే గెలిచాడు. 2004లో వైమియా బేలో, భారీ కెరటాలు వస్తే తప్ప పెట్టని ‘ఎడ్డీ’ పోటీ గెలిచిందీ తమ్ముడే. అన్నకి మూడు ప్రపంచ టైటిళ్లు వచ్చాయి, తమ్ముడికి ఒక్కటీ రాలేదు. నేనైతే ఇక్కడ కనీసం రెండు పేజీలు ఆగుతాను.

2003 డిసెంబర్ గురించి నువ్వు రాసింది ఉత్సాహంగా ఉంది కానీ, అర్థం కాలేదు. పాఠకుడికి ముందు లెక్క చెప్పు. ఒక్కో కెరటానికి పదికి మార్కులు. ఐదుగురు జడ్జీలు వేస్తారు, పైదీ కిందదీ తీసేసి మిగతా మూడింటి సగటు తీసుకుంటారు. దొరికిన వాటిలో మంచివి రెండు కలుపుతారు. మొత్తం ఇరవైకి. ఒక్కో హీట్‌కి, అంటే ఒక్కో విడత పోటీకి, సుమారు అరగంట టైము. ఆ అరగంటలో సముద్రం మంచి కెరటం ఇవ్వకపోతే ఎంతటివాడైనా చేతులు ముడుచుకుని బోర్డు మీద కూర్చోవాల్సిందే. క్రికెట్‌లో బౌలర్ బంతి వెయ్యక తప్పదు. ఇక్కడ ఆ పూచీ ఎవరికీ లేదు. ఏ కెరటం వదిలెయ్యాలి, దేనికోసం ఆగాలి అనేది సగం ఆట. టెన్షన్ అంతా అక్కడుంది, నువ్వేమో ‘ఉత్కంఠభరితంగా సాగింది’ అని ఒక్క ముక్కలో దాటేశావు.

ఇంకొకటి, కెల్లీ స్లేటర్‌ని సినిమాలో విలన్‌లా రాశావు. వద్దు. ఫ్లోరిడాలో పుట్టిన ఆ మనిషి 1998 కల్లా ఆరు ప్రపంచ టైటిళ్లు గెలిచి పక్కకి తప్పుకున్నాడు. 2002లో తిరిగొచ్చాడు. ఆయన వచ్చిన ఏడే ఆండీ ఛాంపియన్ అయ్యాడు. 2003లో ఇద్దరూ చివరి పోటీకి, అదే పైప్‌లైన్‌కి వచ్చేసరికి ఆ ఏడాది మొత్తం పాయింట్లలో స్లేటర్‌దే పైచేయి. ఇద్దరూ ఫైనల్ దాకా వెళ్లారు. ఆండీ పోటీ గెలిచాడు, దాంతో టైటిలూ గెలిచాడు. 2004లో మూడోది. తర్వాత స్లేటర్ మళ్లీ లేచి మొత్తం పదకొండు టైటిళ్ల దాకా వెళ్లాడు. 2022 ఫిబ్రవరిలో, యాభై ఏళ్లు నిండడానికి కొద్ది రోజుల ముందు, అదే పైప్‌లైన్ మళ్లీ గెలిచాడు! అలాంటివాణ్ణి ఎదురుగా పెట్టుకుని మూడేళ్లు వరసగా గెలిచాడు మీ ఆండీ. స్లేటర్‌ని ఎంత చిన్న చేస్తే ఆండీ అంత చిన్నవాడైపోతాడు. ఇద్దరికీ పడేది కాదు, నిజమే. ఆ పడకపోవడాన్ని రాయి, తీర్పు మాత్రం చెప్పకు.

ఇక కష్టమైన భాగం. నువ్వు ‘డ్రగ్స్ ఓవర్‌డోస్‌తో మరణించాడు’ అని రాశావు. అలా రాయకూడదు. మరణించిన రోజుల్లో మొదట బయటికి వచ్చిన మాట డెంగీ. తర్వాత 2011 జూన్‌లో టెక్సస్ వైద్యాధికారి నివేదిక బయటపెట్టారు. అందులో మొదటి కారణం గుండెకి వెళ్లే పెద్ద రక్తనాళం తీవ్రంగా పూడుకుపోయి గుండె ఆగిపోవడం. రెండో కారణం ఒంట్లో కలిసిన రకరకాల డ్రగ్స్. ఆ వరస ముఖ్యం. రెండోదాన్ని మొదటి చోటుకి తెస్తే కథ రుచిగా ఉంటుంది, నిజం పోతుంది. రెండోదాన్ని అసలు వదిలేసినా అదే తప్పు. చిన్న వయసులోనే బైపోలార్ అనే మానసిక జబ్బు ఉందని డాక్టర్లు చెప్పారన్నది కూడా తర్వాత ఇంటివాళ్లు బయటికి చెప్పిన మాటే. దాన్ని రాయి. కానీ ప్రతి గెలుపుకీ ప్రతి గొడవకీ ఆ ఒక్క తాళంచెవే పెట్టి తిప్పకు. ఆ జబ్బున్నవాళ్లు ఎందరో ఉన్నారు, పైప్‌లైన్ నాలుగుసార్లు గెలిచినవాళ్లు ఎందరున్నారు?

ఇది నీకు చెప్పే అర్హత నాకెలా వచ్చిందో కూడా చెప్పాలి. ముప్ఫై ఏళ్ల కిందట మా జిల్లా వాలీబాల్ ఆటగాడొకాయన పోతే సంస్మరణ రాశాను. తాగుడు ఆయన్ని తినేసిందని ఊరంతటికీ తెలుసు. నేను ‘ఆకస్మిక గుండెపోటు’ అని రాసి, ‘అజాతశత్రువు’, ‘మృదుభాషి’ అని దండలు వేశాను. పెద్దకర్మ రోజున ఆయన భార్య నన్ను పక్కకి పిలిచింది. మెచ్చుకుంటుందనుకున్నాను. ‘పైన పేరు లేకపోతే మా ఆయన గురించని తెలిసేది కాదు బాబూ’ అంది. కోపంగా కూడా అనలేదు. ఆ కాగితం కటింగ్ ఇప్పటికీ నా దగ్గర ఉంది, నువ్వు వచ్చినప్పుడు చూపిస్తాను.

2009లో ఆండీ పోటీలన్నీ వదిలేసి ఇంట్లో ఉన్నాడు. 2010లో తిరిగొచ్చాడు. మొదట్లో ఓటములే. సెప్టెంబర్‌లో తహితీలోని టెయాహుపోలో గెలిచాడు. 2024 పారిస్ ఒలింపిక్స్ సర్ఫింగ్ జరిగింది అక్కడే. పక్కన బోర్డు, గాల్లో నిలువుగా నిలబడ్డ బ్రెజిల్ సర్ఫర్ గాబ్రియేల్ మెదీనా ఫొటో నీ ఫోన్‌లోకీ వచ్చే ఉంటుంది. అదీ ఎడమకి విరిగే కెరటమే, కింద పదునైన పగడపు దిబ్బ. ఆండీ మళ్లీ వీపు పెట్టే నిలబడ్డాడు. దీన్ని నువ్వు ‘ఆరిపోయే ముందు దీపం వెలిగినట్టు’ అన్నావు. అది నీ మాట కాదు, అందరి మాట. ఆ రోజు ఆయనకి అది ఆరిపోయే ముందు కాదు. భార్య కడుపుతో ఉంది, మళ్లీ గెలవడం మొదలైంది, అంతే. దాన్ని అంతవరకే రాయి.

నవంబర్‌లో ప్యూర్టో రికో పోటీకి వెళ్లి, ఒంట్లో బాగాలేక ఆడకుండానే ఇంటికి బయల్దేరాడు. దారిలో డాలస్. నీ హోటల్ తలుపు ఇక్కడికి తీసుకురా. రెండు వాక్యాలు చాలు. నాలుగు రోజుల తర్వాత ప్యూర్టో రికోలోనే స్లేటర్ పదో టైటిల్ గెలిచి, దాన్ని ఆండీకి అంకితం చేశాడు. ఆ నెల 14న హనలేలో జనం బోర్డుల మీద సముద్రంలోకి వెళ్లి, గుండ్రంగా చేరి, పూలు వదిలారు. సర్ఫర్లు పోతే వాళ్లవాళ్లు చేసే పద్ధతి అది. నువ్వు అక్కడ లేవు, నేనూ లేను. వాళ్ల కన్నీళ్ల ఉప్పదనం గురించి నువ్వు రాసిన పేరా తీసేశాను.

తిరగరాసే ముందు ఒక పని చెయ్యి. పొద్దున్నే జాలారిపేట వైపు వెళ్లు. పడవ నీళ్లలోకి నెట్టే ముందు మనవాళ్లు కాసేపు ఊరికే నిలబడి సముద్రాన్ని చూస్తారు. పెద్ద కెరటాలు కొన్ని పోనిచ్చి, మధ్యలో దొరికే సందులో తోస్తారు. ఎందుకు ఇప్పుడే, ఇందాక ఎందుకు కాదు అని అడుగు. సరిగా చెప్పలేకపోవచ్చు, చేతులు తిప్పి చూపిస్తారు. అది చూడు. తర్వాత రుషికొండలో సర్ఫింగ్ నేర్పేవాళ్ల దగ్గర రెండు పూటలు నేర్చుకో. నీకు ఈత వచ్చు కదా, మీ అమ్మతో నేను మాట్లాడతాను. నడుం లోతు నీళ్లలో వచ్చే బుల్లి కెరటం మీద కూడా లేచి నిలబడలేక, ముక్కులోకి ఉప్పునీళ్లు పోయి, దగ్గుతూ ఒడ్డుకి వస్తావు చూడు, అప్పుడు నీకు ఆండీ మీద విశేషణాలు తగ్గుతాయి.

ఇంకొక్క సంగతి. ఆయన పోయిన అయిదు వారాలకి, డిసెంబర్ 8న, కొడుకు పుట్టాడు. నీ పన్నెండు పేజీల్లో అది ఎక్కడా లేదు. తెలియక వదిలేశావో, ఎక్కడ పెట్టాలో తోచక వదిలేశావో నాకు తెలియదు. ఈసారి ఆ వాక్యం ఎక్కడ పెడతావో చూడాలని ఉంది. సంక్రాంతికి వచ్చేటప్పుడు కాగితాల మీద రాసి తీసుకురా, ఫోన్‌లో నేను చదవలేను. పక్కన మార్జిన్ వెడల్పుగా వదులు.

ఆశీస్సులతో
మీ బాబాయ్