‘దేవదాసు’ చూసినా ఏడుపు రాకపోతే మనసు లేనట్టేనా?

అదేం కాదు. బెజవాడ సత్యనారాయణపురంలో మా అమ్మమ్మ పక్కన కూర్చుని నేనూ 1953 నాటి ‘దేవదాసు’ చూశాను. సావిత్రి కళ్లు చూసి ఆవిడ కొంగు తడిసిపోయింది. నేను మాత్రం జంతికలు నములుతూ కూర్చున్నాను.

లోపం సినిమాది కాదు, మీదీ కాదు. గడ్డం పెంచిన ప్రతివాణ్ణీ ‘ఏంట్రా దేవదాసూ’ అని ఆటపట్టించడం చిన్నప్పటి నుంచీ విన్నాకే మనం ఆ కథ దగ్గరికి వెళ్తాం. ఆ సీసా, ఆ శాలువా, ఆ దగ్గు, పక్కన కుక్క... మిమిక్రీల్లో అవన్నీ చూసి ముందే నవ్వేశాం. పార్వతి గుమ్మం ముందే చనిపోతాడనీ తెలుసు. ఇక దుఃఖం ఎక్కణ్ణుంచి దూరుతుంది? (ఒక్క ఫోన్ చేస్తే తీరిపోయే గొడవ కదా అనిపించడం మాత్రం మన కాలం జబ్బు.)

ఘంటసాల పాటల సంగతి వేరు. ఓ రాత్రి బందరు కాలువ గట్టున ఎవరి ఫోన్లోంచో వినబడితే నాకు గొంతు పట్టేసింది.